రాసుకోండి పిన్నిగారూ

తలలో చిప్ లేనివాళ్లు తెనాలిలో ఎవరూ మిగలని రోజులవి. ఆ ఉదయం అప్‌డేట్ మధ్యలో చెడిపోయి పరంధామయ్య మంచం మీద కదలకుండా ఉండిపోయాడు. భార్య రత్నమణి మెకానిక్ హమీదాను పిలిపించింది.

హమీదా అతని చెవి వెనక కేబుల్ పెట్టి, కీబోర్డు మీద ఒక్కో కమాండే కొట్టింది. చిప్‌ను మేల్కొలిపే బూట్ లోడర్ చెరిగిపోయింది. దాన్ని మళ్లీ రాసింది.

"రత్నం, ఇంకా స్టవ్ వెలిగించలేదా?" అన్నాడు పరంధామయ్య.

రత్నమణి ఏడుస్తూ హమీదా చేతులు పట్టుకుంది. హమీదా వాటిని గబగబా విడిపించుకుంది.

"పిన్నిగారూ, పెన్ను తెచ్చుకోండి. నేను కొట్టినవన్నీ చెబుతా, రాసుకోండి."

"నాకెందుకమ్మా?"

"ఊళ్లో ఈ పని తెలిసింది నాకొక్కదానికే. నా తలలోనూ ఇప్పుడే అదే అప్‌డేట్ మొదలైంది."

రెండో కమాండ్ సగంలో హమీదా మాట ఆగిపోయింది. రత్నమణి కాగితం మీంచి పెన్ను ఎత్తకుండా తర్వాతి మాట కోసం ఎదురుచూసింది.