ఇదేం పామో కనుక్కో

లేత ఆకుపచ్చ ఒళ్ళు. దాని మీద నల్లటి అడ్డగీతలు. వెన్ను పొడవునా వరసగా ఎర్రటి పూలు.

ఇలాంటి గుడ్డ దుకాణానికొస్తే సాయంత్రానికల్లా తానుకు తాను ఖాళీ అయిపోతుంది. బట్టలు కుట్టుకు బతికేదాన్ని, నాకు ముందు తోచేది అదే.

కానీ ఇది గుడ్డ కాదు, పాము. కొండెక్కిన మా ఆయన పైనుంచి నాకు పంపిన ఆఖరి ఫొటో.

కింద రాశాడు, "ఇదేం పామో కనుక్కో" అని.

"ముందు కొండ దిగి ఇంటికి రండి" అని పెట్టాను.

అది ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయింది.

వెతికినవాళ్ళకి ఆయన లోయలో దొరికాడు. ఫోను మాత్రం పైన బండ మీద ఉంది. ఛార్జింగ్ అయిపోయి ఆగిందో, ఆయనే ఆపేశాడో తెలీదు. పక్కనే కళ్ళజోడు, మడిచి పెట్టి ఉంది.

పడటం వల్లే ప్రాణం పోయిందని డాక్టర్లు తేల్చారు. ఎందుకు పడ్డాడో చెప్పడం వాళ్ళ పని కాదుగా.

ఆ పని మా అత్తయ్య నెత్తినేసుకుంది.

"పాము కాటేసింది. కళ్ళు తిరిగి పడిపోయాడు నా బిడ్డ."

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పింది. నేనూ ఆ మాటే పట్టుకు వేలాడుతున్నాను. ఎందుకంటే పాము కాకపోతే, ఆయనే.

చివరి నెలల్లో ఆయనకి సరిగ్గా నిద్ర లేదు. ఏమైందని అడిగితే "ఏం లేదు" అనేవాడు. ఆ "ఏం లేదు" గుర్తొస్తే నాకిప్పటికీ భయం.

అత్తయ్య రోజూ ఆ ఫోను తుడిచి ఛార్జింగ్ పెడుతుంది. మొదటిసారి పెట్టినప్పుడు నేను మిషను మీదున్నాను. నా మెసేజీకి రెండో టిక్కు పడింది. కుట్టు ఎటో పోయింది.

ఆ ఫోనుకి తాళం కూడా లేదు. "దాచుకోడానికి నా దగ్గరేముంది" అనేవాడు మహానుభావుడు.

అయినా అత్తయ్య తెరవదు. "వాడి ఫోను, వాడే తెరుచుకుంటాడు" అంటుంది.

ఇవాళ దుకాణం మూసేసి జూకి వెళ్ళాను. అక్కడ పాముల్ని చూసుకునే మనిషి ఒకాయన ఉన్నాడని తెలిసింది.

"కనుక్కుని రా. ఆ పాపిష్టిదాని పేరేంటో నాకు తెలియాలి" అని పంపింది అత్తయ్య.

ఆయన అద్దాల పెట్టె కడుగుతున్నాడు. తడిచేతుల్తోనే నా ఫోను అందుకుని ఫొటో పెద్దది చేశాడు. మొహం వెలిగిపోయింది.

"అబ్బ, ఎంత బాగా తీశారండీ. ఇది ఎగిరే పాము. కొమ్మ మీంచి దూకి, గాల్లో తేలుకుంటూ వెళ్ళి ఇంకో చెట్టు మీద వాలుతుంది. అంత ఎత్తునుంచి దూకినా దీనికేం కాదు."

"విషం?"

"బల్లుల్ని చంపడానికి సరిపోతుంది. మనిషిని ఏం చేస్తుంది? నన్నూ కరిచింది. కడుక్కుని టీ తాగాను."

"కళ్ళు తిరగవా?"

"అబ్బే."

"సరిగ్గా చూడండి. అచ్చం ఇలాగే ఉండేది ఇంకోటి ఉంటుందేమో."

అప్పుడు చూశాడు నన్ను. ఫొటో ఎవరు తీశారని అడిగాడు. చెప్పాను.

నెమ్మదిగా చేతులు తుడుచుకున్నాడు. అప్పటిదాకా గలగలా మాట్లాడినవాడు కాస్తా పామూ చావకుండా, కర్రా విరగకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఎవరి ఒంటి తత్వం ఎలాంటిదో చెప్పలేం కదమ్మా" అన్నాడు.

పాపం, మంచివాడు. అబద్ధం చెప్పడం రాదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని మా ఆయన పంపిన ఫొటో మళ్ళీ తెరిచాను. కనుక్కోమన్నాడుగా. అడిగిన మనిషికి జవాబు చెప్పాలి కదా.

"ఎగిరే పాము. కరిచినా ఏమీ కాదట. మరి మీకేమైంది?"

పంపేశాను. రెండు టిక్కులు పడ్డాయి, బూడిద రంగువి. ఇంట్లో అలమరలో ఆ ఫోను ఒక్కసారి వెలిగి ఆరిపోయి ఉంటుంది. తెరిచేవాళ్ళు లేరని నా ధైర్యం.

అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమన్నాడు?"

దారంతా వల్లించుకున్న మాట అప్పజెప్పాను.

"విషప్పామేనట అత్తయ్యా. కాటేస్తే కొండ దిగేంత టైం కూడా ఉండదట."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత నా భుజాన ఉన్న సంచీ తను తీసుకుంది. చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్దింది. పెళ్ళయినప్పటినుంచీ ఎప్పుడూ చెయ్యని పని.

"నేను చెప్పలా" అంది. "కాళ్ళు కడుక్కుని రా, తిందువుగాని."

పెరట్లో కుళాయి తిప్పి, ఫోను తీశాను. ఆవిడ కంట పడకముందే ఆ మెసేజీ చెరిపేద్దామని.

టిక్కులు నీలంగా ఉన్నాయి. నేనింకా బస్సులో ఉండగానే చదివినట్టు టైం చూపిస్తోంది.

అదొక్కటే కాదు. దాని పైన ఇన్నాళ్ళుగా పడి ఉన్న "ఇంటికి రండి" కూడా.

కుళాయి కట్టేశాను.

గోడ దగ్గర అత్తయ్య పక్కింటావిడతో మాట్లాడుతోంది. గొంతు ఎక్కడా వణకలేదు.

"విషప్పామేనట వదినా. దిగేంత టైం కూడా ఉండదట. పాపం, మా కోడలే వెళ్ళి కనుక్కొచ్చింది."