గోళ్ల మాస్టారి రుజువు

ఇంట్లో తిరుగుతున్నది తన భార్య కాదని మాస్టారికి రూఢి అయింది. ఇక మిగిలింది రుజువు చేయడమే.

ముఖం అదే. గొంతు అదే. కుడి చెంప మీది పుట్టుమచ్చ కూడా చెక్కుచెదరలేదు. కానీ ఆ విషజ్వరం తర్వాత ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది ఇంకెవరో. మూడు నెలలుగా ఆయన గమనిస్తూనే ఉన్నారు. ఆయన భార్య పడుకుందంటే పిడుగు పడ్డా లేచేది కాదు. ఈవిడ, ఆయన ఎప్పుడు కళ్లు తెరిచినా కుర్చీలో కూర్చుని ఆయన్నే చూస్తూ ఉంటుంది. భార్య దిండు గలీబులు వారానికోసారి మార్చేది. ఈవిడ తెల్లవారగానే, ఆయన పళ్లు తోముకుని వచ్చేలోపే, ఆయన గలీబు తీసి మడిచి ఎక్కడికో పట్టుకుపోతుంది. స్నానాల గది తలుపుకు లోపలి గడియ మాయమైంది. అడిగితే, "తుప్పు పట్టిందండీ, తీయించేశాను" అంది, కళ్లు కలపకుండా.

ఆసుపత్రి రోజులను తలుచుకోబోతే ఆయనకు పెచ్చులూడిన పైకప్పు, బద్ధకంగా తిరిగే ఫ్యాను తప్ప మరేమీ గుర్తుకు రావు. మనిషి మారిపోయింది అక్కడే.

ఆ మధ్యాహ్నం కూతురు వచ్చింది.

"దెయ్యాల్లేవు, భూతాల్లేవు అని ఊరందరినీ ఊదరగొట్టినవాడివి. ఇప్పుడు అమ్మని పట్టుకుని ఏంటి నాన్నా ఇది?"

"దెయ్యమని నేననలేదే. మనిషే. వేరే మనిషి."

"సరే. మరి మా అమ్మేదీ?"

"అదే నా బాధ. ఎక్కడ వదిలేసి వచ్చామో. ఒక్కతీ ఎలా ఉందో. రుజువు చూపిస్తే వెతకడానికి నాతో వస్తావా?"

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి తల ఊపింది.

"వస్తాను."

మాస్టారు బీరువాలోంచి భూతద్దం తీశారు. బడిలో ఉన్నంతకాలం జీవశాస్త్రం చెప్పారు. సోమవారం ప్రార్థన కాగానే వరసలో నిలబెట్టి పిల్లలందరి గోళ్లూ చూసేవారు. పిల్లలు ఊరుకుంటారా, గోళ్ల మాస్టారని పేరు పెట్టేశారు.

"గోరంటే చచ్చిపోయిన కణాల రేకు, అమ్మాయ్. ప్రాణమంతా చర్మం కింద దాక్కున్న మొదల్లో ఉంటుంది. ఒంటికి పెద్ద జబ్బు చేస్తే ఆ మొదలు పని ఆపేస్తుంది. తేరుకుని మళ్లీ పెరిగేటప్పుడు, ఆగినచోట అడ్డంగా ఒక గాడి పడుతుంది. గోరుతోపాటే అదీ ముందుకు జరుగుతుంది. మూడు నెలలకు ఇంచుమించు సగానికి రావాలి."

"అంతేనా?"

"జుట్టు మాత్రం? అంత జ్వరానికి కుదుళ్లు పెరగడం మానేస్తాయి. రెండు మూడు నెలలకు గుత్తులుగా ఊడి రావాలి. ఆవిడ జడ చూడు, మోకు లాగుంది."



"మీ చెయ్యి ఒకసారి ఇవ్వండి" అన్నారాయన ఆవిడతో. పెళ్లయిన నాటినుంచీ 'నువ్వు' తప్ప మరో మాట ఎరగని మనిషి. ఆవిడ పెదవి కొరుక్కుంది. అయినా కిటికీ దగ్గరకు కుర్చీ జరుపుకుని, వెలుగులోకి చెయ్యి చాపింది.

"చూడండి. తనివితీరా చూడండి."

ఆయన ఆ వేళ్లను గట్టిగా పట్టుకున్నారు. చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్క గోటినీ భూతద్దం కింద పరీక్షించారు. గాజుపలకల్లా ఉన్నాయి.

"చూశావా? ఒక్క గీత లేదు. ఈ ఒంటికి జ్వరమే తగల్లేదు."

"తగల్లేదండీ" అంది ఆవిడ, మెల్లగా.

ఒప్పుకోలు ఇంత తేలిగ్గా దొరుకుతుందని ఆయన అనుకోలేదు. గెలిచినట్టుగా కూతురి వైపు తిరగబోయారు.

భూతద్దం పక్కకు జరిగి, ఆవిడ వేళ్లను నొక్కిపట్టిన ఆయన బొటనవేలి మీద ఆగింది. ఆ గోటికి సరిగ్గా సగంలో, అడ్డంగా, లోతైన గాడి ఉంది.