పక్క మంచం మనిషి

కిటికీలోంచి సారా కిందికి ఒలికిపోతోంది.

కాశీరావు మంచం మీంచి లేవబోయాడు. కడుపులో పోటు పొడిచింది. మళ్ళీ కూలబడ్డాడు.

"ఎవడివిరా నువ్వు? నా సీసా ముట్టుకోడానికి నువ్వెవడివి?"

పక్క మంచం ముసలాయన ఖాళీ సీసా కిటికీ గట్టు మీద పెట్టాడు. ఆయాసపడుతూ వచ్చి తన మంచం మీద కూర్చున్నాడు.

"నా పేరు ఏసుపాదం. నువ్వెన్ని సీసాలు తెప్పించినా ఇంతే. పారబోస్తాను."

గవర్నర్‌పేటలో ఓ ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు అది. కాశీరావుది కంకిపాడు. కొల్లేటి చేపలు తెచ్చి, ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ కడుతున్న కూలీలకు అమ్మేవాడు. వ్యాపారం జోరుగా సాగింది. ఆ జోరులోనే సారా కొట్టు అలవాటైంది.

మొదట్లో సాయంత్రాలు. తర్వాత మధ్యాహ్నాలు. చివరికి పొద్దున్నే గ్లాసు పడితే గాని చేతుల వణుకు ఆగేది కాదు.

ఒకరోజు భార్య పోలేరమ్మ అతని మొహం చూసి గొల్లుమంది. కళ్ళు పసుపు పులిమినట్టున్నాయి.

డాక్టరు పొట్ట నొక్కి చూసి, దాపరికం లేకుండా చెప్పేశాడు.

"లివరు వాచింది. ఇవాళ మానేస్తే కోలుకుంటుంది. మానలేదా, గట్టిపడి రాయవుతుంది. అప్పుడిక నా దగ్గర మందు లేదు."

అది విన్నాక కూడా కాశీరావు స్నేహితుడు పుల్లయ్య చేత చాటుగా సీసా తెప్పించుకున్నాడు. ఏసుపాదం పారబోసింది దాన్నే.

ఏసుపాదం కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండేవి. పొట్ట మాత్రం ఉబ్బిపోయి చొక్కా బొత్తాలు పట్టేవి కావు. చూడటానికి ఎవరూ వచ్చేవారు కాదు. తాగుబోతు ముసలాణ్ణి ఎవరు చూడొస్తారులే అనుకున్నాడు కాశీరావు.

మర్నాడు మధ్యాహ్నం కాశీరావుకి ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. డాక్టరు ఇచ్చిన సూది ఏ మూలకూ చాల్లేదు. తువ్వాలు భుజాన వేసుకుని మెట్ల దాకా వెళ్ళాడు.

వెనక నుంచి గోడ పట్టుకుంటూ ఏసుపాదం వచ్చాడు. అతన్ని దాటుకుని వెళ్ళి పై మెట్టు మీద అడ్డంగా కూర్చున్నాడు.

"తప్పుకో ముసలాడా!"

"తప్పుకోను. నన్ను తొక్కుకుంటూ దిగు."

"తాగి తాగి చావుకి సిద్ధంగా ఉన్నావు. నువ్వా నాకు చెప్పేది?"

ఏసుపాదం తలెత్తి అతని వంక చూశాడు.

"అవునయ్యా. తాగాను. నేను కాక ఇంకెవరు చెబుతారు నీకు?"

చొక్కా పక్కకు తీసి కాశీరావు చెయ్యి పట్టుకున్నాడు. తన పొట్ట మీద ఆనించుకున్నాడు. డప్పు తోలులా బిగుసుకుని ఉంది.

"ఇదంతా నీళ్ళు. తోడేస్తారు, మళ్ళీ ఊరుతుంది. లివరు పంటి నొప్పిలా గోల పెట్టదు కాశీరావూ. నోరెత్తకుండా అంతా భరిస్తుంది. అది గోల పెట్టే నాటికి ఇదిగో, ఇంతే. నీకింకా టైముంది. నాకు లేదు."

కాశీరావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ పొట్ట బిగువు చేతికి అంటుకుపోయినట్టయింది.

మెల్లగా వంగి ముసలాయన్ని లేవదీశాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని వార్డులోకి నడిచారు.

సాయంత్రం పోలేరమ్మ వచ్చి, పక్క మంచం వైపు చూసి మూతి తిప్పింది.

"బాగానే కుదిరింది జోడీ! ఆ తాగుబోతుతో నీకు మాటలేంటి?"

ఏసుపాదం విన్నాడు. దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు.

కాశీరావు గట్టిగా అన్నాడు. "ఆయన్నేమీ అనకు. ఇక నేను తాగను పోలేరా. ఒట్టు కూడా వెయ్యను. చేసి చూపిస్తాను."

చేసి చూపించాడు. తేలిగ్గా మాత్రం కాదు. మంచం కోళ్ళు పట్టుకుని పళ్ళు బిగించిన రోజులున్నాయి. ఆ రోజుల్లో ఏసుపాదం అతని పక్కనే కూర్చుని గ్లాసుతో గంజి పట్టించేవాడు.

ఇంటికొచ్చాక పుల్లయ్య సారా కొట్టుకి రమ్మని పిలిచాడు. కాశీరావు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఎదుటి సందులోంచి వెళ్ళిపోయాడు. సంతలో ఎగతాళి చేశారు. నవ్వనిచ్చాడు.

ఎండలు ముదిరే నాటికి డాక్టరు పొట్ట నొక్కి చూసి భుజం తట్టాడు.

"వాపు పూర్తిగా దిగింది. గెలిచావయ్యా!"

కాశీరావు పరుగున వార్డులోకి వెళ్ళాడు. ఏసుపాదం మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. ముసలాయన్ని ఇంటికి పంపేశామంది నర్సమ్మ. ఆవిణ్ణడిగి ఊరి పేరు తెలుసుకున్నాడు. ఓ మంచి కొరమేను ఏరి తీసుకుని, ఎర్ర బస్సెక్కి వెళ్ళాడు.

చేతికర్ర మీద ఆనుకుంటూ ఓ ముసలామె గుమ్మంలోకి వచ్చింది. ఏసుపాదం భార్య సంపూర్ణమ్మ.

"ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు బాబూ. ఈ కాలుతో నేను ఆసుపత్రికి కూడా వెళ్ళలేకపోయాను."

కాశీరావు అరుగు మీద చతికిలపడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"నా చేత తాగుడు మాన్పించిన దేవుడమ్మా ఆయన. ఆ బుద్ధేదో ఆయనకే ముందు పుట్టి ఉంటే, ఇవాళ మన మధ్య ఉండేవారు."

సంపూర్ణమ్మ అతని వంక వింతగా చూసింది.

"ఏ బుద్ధి బాబూ? ఆయనకి వయసులో ఉండగా పచ్చకామెర్లొచ్చి, ఆ దెబ్బకే లివరు పాడైంది గానీ, మావారు పుట్టి బుద్ధెరిగి సారా చుక్క నోట పెట్టలేదే!"