సంరక్షకురాలి సంతకం

“పెట్టను గాక పెట్టను,” అంది తల్లి, పెన్ను బల్ల మీదికి తోసేసి.

పక్క కుర్చీలో ఉన్న పదహారేళ్ల కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. పాత జీన్స్ ప్యాంట్లు కోసి, సంచులు చేసి అమ్ముతుంది ఆ పిల్ల. యువ వ్యాపారుల సంఘంలో సభ్యత్వం ఉంటేనే రేపటి ఆదివారం సంతలో దుకాణం పెట్టుకోనిస్తారు. మైనర్లయితే ఇంట్లో పెద్దవాళ్ల సంతకం లేనిదే సభ్యత్వం లేదు. ఈ సాయంత్రంతో గడువు సరి.

బల్లకి అవతల కూర్చున్న కార్యదర్శి నిట్టూర్చింది. పాతికేళ్లు దాటితే సభ్యత్వం ఇవ్వని ఆ సంఘంలో నెరిసిన తల ఆవిడది ఒక్కటే. అధ్యక్షుడికే ఇరవై రెండు. పొద్దుటినుంచి కాళ్లు లాగేస్తున్నాయి. హాల్లో కుర్చీలు వెయ్యాలి, బ్యానర్ కట్టాలి, మధ్యలో ఈ తల్లి ఒకతి. ఇలాంటి తల్లిదండ్రులు ఆవిడకి కొత్త కాదు. ఎవరికి ఏ మందు వెయ్యాలో నోటికి వచ్చు.

“చదువు పాడవుతుందనే కదండీ మీ భయం?”

“అబ్బే, క్లాసులో అదే ఫస్టు.”

“పోనీ, నష్టం వస్తుందనా?”

“నష్టమా! చేసినవి చేసినట్టే అమ్ముడైపోతున్నాయి.”

“మరి నలుగురూ ఏమనుకుంటారనా?”

“అనుకోనివ్వండి. వాళ్ల నోళ్లకి మనం తాళాలు వేస్తామా?”

కార్యదర్శికి తెలిసిన కారణాలు అక్కడితో అయిపోయాయి. తల్లి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలించింది.

“మీలాంటివాళ్లు వెనక్కి లాగబట్టే పిల్లలు పైకి రాలేకపోతున్నారు,” అంది కార్యదర్శి, గొంతు కాస్త పెంచి. “ఆ దుకాణం గనక పెడితే మీ అమ్మాయికి ఆర్డర్లు రెండింతలవుతాయి, తెలుసా?”

“అదేనమ్మా నా భయం,” అంది తల్లి.

కన్నకూతురు బాగుపడుతుంటే ఓర్చుకోలేని తల్లులు కూడా ఉంటారా? కార్యదర్శికి ఒళ్లు మండింది. కానీ పోట్లాడే ఓపిక లేదు. దరఖాస్తు ముందుకు లాక్కుని, చివర్న ఉన్న షరతులు అమ్మాయికి చదివి వినిపించడం మొదలుపెట్టింది. ఒక్కో షరతూ పైకి చదివి, ఒక్కోదానికీ నోటితో ఒప్పించడం ఆ సంఘం ఆనవాయితీ.

“సరుకులో మోసం చెయ్యకూడదు.”

“చెయ్యనాంటీ.”

“తోటి సభ్యుల డిజైన్లు కాపీ కొట్టకూడదు.”

“కొట్టను.”

“పనివాళ్లకి వారానికో రోజు సెలవివ్వాలి.”

“నా దగ్గర పనివాళ్లెవరూ లేరాంటీ.”

తల్లి నిద్రమత్తు ఒక్కసారిగా వదిలిపోయింది.

“ఎవరూ లేరా? ఆ ప్యాంట్ల కుట్లు విప్పేదెవరే? జిప్పులు వేసేదెవరు? మిషను తొక్కేదెవరు?”

“నువ్వు అమ్మవి కదమ్మా!”

“అమ్మనైతే వేళ్లు నొప్పెట్టవా?” తల్లి కార్యదర్శి వైపు తిరిగింది. “రోజంతా బట్టల షాపులో నిలబడి ఇంటికొస్తానండీ. చెప్పులు విప్పకముందే నాలుగు ప్యాంట్లు తెచ్చి ఒళ్లో పడేస్తుంది. ఆదివారం లేదు, పండగ లేదు. మొన్న ఒళ్లు కాలిపోతుంటే, మాత్ర వేసుకుని ఆ జిప్పులొక్కటీ కానిచ్చెయ్యమంది. సంచులు బాగున్నాయని అందరూ దీన్ని మెచ్చుకుంటారు. నాకు మాత్రం గర్వం కాదా? కానీ ఆర్డర్లు రెండింతలైతే, ఇంకో రెండు చేతులు ఎక్కణ్నుంచి తేనండీ?”

అమ్మాయి తల దించుకుంది. “ఇంత కష్టంగా ఉందని ఎప్పుడూ చెప్పలేదేమ్మా?”

“ఎప్పుడు చెప్పనే? నువ్వెప్పుడూ ఫోన్లో ఆర్డర్లు తీసుకుంటూనే ఉంటావుగా.”

ఇందాక ఆ తల్లిని అన్న మాటలకి కార్యదర్శికే సిగ్గేసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, అమ్మాయి వైపు వేలు చూపించింది.

“ఆదివారం మీ అమ్మ సూది ముట్టుకోదు. రాత్రి భోజనాలయ్యాక మిషను తెరవదు. జిప్పులకి వేరే మనిషిని పెట్టుకుంటావు. ఒప్పుకుంటేనే సభ్యత్వం.”

“ఒప్పుకుంటున్నానాంటీ,” అని అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. “వచ్చే ఆదివారంనుంచి. రేపు సంత ఉంది కదా.”

“చూశారా!” అంది తల్లి. అంటూనే నవ్వేసింది. కూతురి కళ్లు తన పమిటతో తుడిచి, పెన్ను అందుకుని సంతకం పెట్టింది. ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని అమ్మాయి ఆ కాగితం లాక్కుని రసీదు కోసం పక్క గదిలోకి పరిగెత్తింది.

“మీ పనే హాయి వదినగారూ,” అంది తల్లి, లేవలేక లేస్తూ. “పిల్లల సంఘమే అయినా మీది ఉద్యోగం. ఒకటో తారీఖు వచ్చేసరికి జీతం చేతిలో పడుతుంది.”

కార్యదర్శి బ్యానర్ చంకలో పెట్టుకుని, మోకాళ్లు పట్టుకుని మెల్లిగా లేచింది.

“జీతం మాట ఎత్తినప్పుడల్లా మా అధ్యక్షుడు ఒకటే అంటాడండీ,” అంది. “‘అది ఆఫీసులో చూద్దాం, ముందు అన్నం పెట్టమ్మా’ అని.”