కింది హాల్లో పాట

"పాడేవాళ్ళు కింది హాల్లోకమ్మా."

గుమాస్తా ఫైల్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

బల్లకి అటువైపు ముసలావిడ కదల్లేదు. మెడ నిండా పూసలు, చేతిలో ఖాళీ సంచి.

"మా అడవి సంగతి చెప్పాలి నాయనా. అయిదులోపు చెప్పమన్నారు."

"ఇక్కడ చెప్పేది ఉండదమ్మా, ఇచ్చేదే. కాగితాలు తెచ్చావా?"

"లేవు."

"మరింకేం, పద."

ఆదివాసుల హక్కులను ప్రపంచ దేశాలు కలిసి ఒప్పుకున్న తేదీ అది. ఏటా లాగే కింది హాల్లో ఉత్సవం. పై అంతస్తులో మాత్రం విచారణ. ఒక అడవి గనివాళ్ళకి పోవాలా, అందులో బతుకుతున్నవాళ్ళకే ఉండాలా అని. సాక్ష్యాలు పుచ్చుకుని లోపలికి పంపడం గుమాస్తా ఉద్యోగం.

మర్యాదస్తుడే. చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. మనిషిని సరైన చోట చేర్చానన్న తృప్తి అతనికి మందులాంటిది. రోజుకి నాలుగైదుసార్లు పడాలి.

"ఇక్కడ వింటారా?" అందావిడ.

"ఎందుకు వినరు? మైకు కూడా పెట్టారు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. రాళ్ళ పేర్లు, వాగుల పేర్లు, ఎవరెవరో తాతలు నాటిన చెట్లు. పెద్ద రాగమేం కాదు. ముందు వరసలో ఎవరో దగ్గితే ఆగి, వెనకటి రాయి దగ్గర్నుంచి మళ్ళీ ఎత్తుకుంది.

వెళ్ళిపోవాల్సిన గుమాస్తా గుమ్మంలోనే ఉండిపోయాడు. ఒళ్ళెందుకు జలదరించిందో తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. చప్పట్లు మొదలుపెట్టింది అతనే.

అయిదింటికి పైకొచ్చి, అడవివాళ్ళ తరఫున సాక్ష్యం రాలేదని రాసి, ఫైలు లోపలికి పంపాడు.

అయిదూ పదికి అడవివాళ్ళ లాయరు రొప్పుతూ వచ్చింది. కుర్రపిల్ల.

"రైలు ఆగిపోయిందండీ. మా పెద్దావిడ ముందే వచ్చుండాలి."

"కాగితం పట్టుకుని ఎవరూ రాలేదమ్మా. ఫైలు వెళ్ళిపోయింది. ఇక తెరవరు."

"కాగితం కాదు. ముసలావిడ, మెడలో పూసలు..."

"ఓ, ఆవిడా!" గుమాస్తా మొహం వెలిగింది. "కింద పాడింది. ఏం పాడిందనుకున్నావు! నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను."

లాయరు గోడకి ఆనుకుంది.

"అది పాట కాదండీ" అంది. "మా భాషకి రాత లేదు. అడవి హద్దులన్నీ తరానికి ఒక్కరి చేత కంఠస్థం చేయిస్తాం. ఈ తరానికి మా దస్తావేజు ఆవిడే."