వెనక గేరు

"కొత్త సైకిలయ్యా ఇది! కొని రెండు నెలలు కాలేదు. ఎత్తు ఎక్కుదామనేసరికి వెనక గేరు టకటకమంటూ జారిపోతోంది. ఎన్నిసార్లు తేవాలి నీ దగ్గరికి? నువ్వసలు మెకానిక్‌వేనా?"

భర్త గొంతుకి షాపులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. పక్కనే ఉన్న భార్య మాత్రం తేలు కుట్టిన దొంగలా కొంగు సర్దుకుంటూ నిలబడింది.

"కొత్తలో గేరు వైరు సాగుతుంది సార్. నేను బిగిస్తూనే ఉన్నా..."

"కథలు చెప్పకు!"

షాపు యజమాని లేచి వచ్చాడు. "ఈ సైకిలు ఇంకోసారి వెనక్కొచ్చిందంటే నువ్వు పనిలోకి రానక్కర్లేదు," అన్నాడు మెకానిక్‌తో, అందరూ వింటుండగానే.

మెకానిక్ తలొంచుకుని పాత వైరు లాగేసి కొత్తది వేశాడు. ఆమె ప్రాణం చివుక్కుమంది. పాపం, అతను చేసిన తప్పేముంది? గేరు పాడుచేస్తున్నది తనాయె.

ఏం చెయ్యను మరి, అనుకుంది. ఆయనగారికి గుండెనొప్పి వచ్చి తగ్గి ఏడాది కూడా కాలేదు, అప్పుడే ఆదివారం వస్తే చాలు స్నేహితులతో పోటీపడి గుట్టెక్కాలట. వద్దంటే వినే మనిషైతే ఇన్ని పాట్లెందుకు? గేరు సరిగా పడకపోతే సగం దారిలోనే తిట్టుకుంటూ తిరిగొస్తాడు. హ్యాండిల్ దగ్గర ఏదో నల్లటి మర తిప్పి మెకానిక్ గేరు సరిచేయడం ఆమె ఓసారి చూసింది. అప్పట్నుంచి ఆయన స్నానానికి వెళ్ళగానే దాన్ని కొంచెం తిప్పేస్తోంది. కుడిదో ఎడమదో సరిగా గుర్తులేక రెండువైపులా తిప్పుతోంది.

ఇక ఈ పాపిష్టి పని చెయ్యకూడదని ఆ రోజు షాపులోనే ఒట్టు పెట్టుకుంది. కానీ ఆదివారం తెల్లారగానే ఆయన కూనిరాగాలు తీస్తూ, "ఇవాళ గుట్ట మీద నుంచే నీకు ఫోన్ చేస్తా, చూస్తూ ఉండు," అన్నాడు. ఆమె గుండెల్లో రాయి పడింది. ఒట్టు గట్టున పెట్టి, రెండు మరల్నీ ఈసారి పూర్తిగా వదులయ్యేలా చివరిదాకా తిప్పేసింది.

ఆయన వెళ్ళాక మాత్రం టీ గ్లాసు పక్కన పెట్టేసింది. నా మనిషిని కాపాడుకోవడానికి ఇంకొకరి నోటి దగ్గర కూడు లాగేస్తున్నానా? షాపు తలుపులు తెరిచేసరికి అక్కడుంది.

"బాబూ, నీ తప్పేం లేదు. గేరు పాడుచేస్తున్నది నేనే. మీ యజమానితో కూడా నేనే చెప్తాను," అంటూ కళ్ళు తుడుచుకుని అంతా చెప్పేసింది.

మెకానిక్ చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు. తిడతాడేమో అనుకుంది.

"గుండెనొప్పి వచ్చిన మనిషా! ఆ ముక్క నాతో ముందే అని ఉంటే, సార్‌తో గుట్టెక్కొద్దని నేనే చెప్పేవాణ్ణి కదమ్మా."

అంతలో ఆమె ఫోన్ మోగింది.

"పైకొచ్చేశానోయ్!" అవతల భర్త కేకేశాడు. "గేరు వెన్నలా పడుతోందనుకో. ఆ మెకానిక్‌ని అనవసరంగా తిట్టాను. నాకేం కాలేదు, ఊపిరి బాగానే ఆడుతోంది, కంగారుపడకు. ఇదిగో, దిగడం మొదలుపెడుతున్నాం!"

ఫోన్ పెట్టేశాడు. ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మీ సార్ క్షేమంగా ఎక్కేశాడు బాబూ. నేనే పిచ్చిదాన్ని. కానీ ఇవాళ చివరిదాకా తిప్పేశానే, మరి గేరెలా పడింది?"

మెకానిక్‌కీ అదే అర్థం కాలేదు. పక్కనున్న అదే రకం సైకిలు ముందుకు జరిపాడు.

"ఏది తిప్పారో ఓసారి చూపించండమ్మా."

ఆమె కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ముట్టుకుని చూపించింది.

మెకానిక్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గేరు మర ఈ హ్యాండిల్ కిందుందమ్మా... అవి రెండూ బ్రేకులవి."