ఇద్దరికీ ఒకే బ్యాగు

"ఢిల్లీల మార్చి నెలంటే పొద్దున సలి, పగలు ఎండ అక్కా. ఒక స్వెట్టరు, నాలుగు నూలు చీరలు చాలు. నీయి కూడ ఇయ్యి, ఒక్క బ్యాగుల సర్దుత," అంది వినీల.

బడంగ్‌పేట్‌లో వినీల, సునీల కలిసి మగ్గం పని చేస్తారు. ఢిల్లీ ప్రదర్శనకు పిలుపు రాగానే ఫారాలు, టికెట్లు వినీలే చూసుకుంది. సునీల రెండు నెలలు వంచిన తల ఎత్తకుండా ఐదు పట్టుచీరల మీద పూలు కుట్టింది.

శంషాబాద్ విమానాశ్రయం గేటు దగ్గర వినీల ఫోన్ చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. "నీ టికెట్ క్యాన్సిలైంది అక్కా. ఇప్పుడే మెసేజొచ్చింది. ఏం జేద్దాం, ఇగ నేనొక్కదాన్నే పోవాలె."

సునీలకు ఏడుపు ఆగలేదు. అయినా చెల్లెలిలాంటి పిల్ల మీద అనుమానం రాలేదు. "సరే, పైలంగ పో. నా బట్టలు తీసియ్యి, ఇంటికి తీస్కపోత."

"అడుగున యాడనో ఉన్నయి. వచ్చినంక ఇస్త తియ్."

"జర ఆగు, నేను తీస్త," అని సునీల జిప్పు లాగింది.

పైన వినీల చీరలు, వినీల స్వెట్టరు. అడుగున సునీల కుట్టిన ఐదు పట్టుచీరలు. సర్దమని సునీల ఇచ్చిన బట్ట ఒక్కటీ లేదు.

వినీల తల దించుకుంది.

సునీల ఐదు చీరలూ తీసి గుండెకు హత్తుకుంది.

"ఇగ పో చెల్లె, బ్యాగు తేలికైంది."